తాళం వెయ్యని సూప్ కొట్టు

ఒక్క అడవిపందిని చంపి ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదని టోర్కిల్ ఇప్పటికీ అంటాడు. అంటాడు మరి, అనకపోతే ఆయనకి పొద్దు గడవదు. సామ్సో ద్వీపంలో కారు నడిపే ప్రతి మనిషి చేతా మొదటిసారి స్టీరింగు పట్టించింది ఆయనే. డ్రైవింగు బడి మూసేసి ఏళ్ళవుతున్నా ఆ నేర్పే జబ్బు మాత్రం ఒంట్లోంచి పోలేదు. పక్కవాళ్ళు రొట్టెకి వెన్న రాసుకుంటున్నా సరే, కత్తి ఎటు వంచాలో చెబితే గాని ఆయనకి కాఫీ గొంతు దిగదు.

ద్వీపం మొత్తంలో ఆయన మాట విననిది ఒక్క బోదిల్. ఆయన ఎదురింటావిడే. ఫెర్రీ క్యాంటీనులో వంట చేసి చేసి రిటైరైంది. వయసులో ఉన్నప్పుడు కారు నేర్చుకుందామని ఆయన దగ్గరకే వెళ్ళి, మూడో రోజున బండిని రోడ్డు మధ్యలో ఆపేసి, తాళంచెవి ఆయన ఒళ్ళో పడేసి, తిన్నగా వెళ్ళి సైకిలు కొనుక్కుంది. అప్పటినుంచీ ఇద్దరికీ మాటలైతే ఉన్నాయి గాని, పొత్తు కుదరడమే లేదు.

కిందటి శరదృతువులో బోదిల్ మోకాలికి ఆపరేషనైంది. కర్ర లేనిదే వంటింటిదాకా కూడా వెళ్ళలేని స్థితి. సముద్రపు గాలి కిటికీలు ఊపేస్తుంటే, కుర్చీలో కూర్చుని గోడలు చూసి చూసి ఆవిడకి పిచ్చెక్కినంత పనైంది. గురువారం కాఫీ బృందంలో సగం మంది అప్పటికే ‘తొమ్మిది గుట్టలు’ అనే కంప్యూటరు ఆటలో తలమునకలుగా ఉన్నారు. ప్రపంచం నలుమూలల జనం ఒకే రాజ్యంలో వీరుల్లా, మరుగుజ్జుల్లా, కోరల రాక్షసుల్లా వేషం కట్టి తిరిగే ఆట అది. టోర్కిల్ దాన్ని బోదిల్ లాప్‌టాప్‌లో ఎక్కించి, ఒక పూటంతా పాఠం చెప్పి వెళ్ళాడు. ఆయన గుమ్మం దాటగానే ఆవిడ ఆ పాఠం మొత్తం తుడిచేసుకుని, తనకి తోచినట్టు మొదలుపెట్టింది.

ఏ ఆయుధం కావాలని ఆట అడిగింది. కత్తి, గొడ్డలి, విల్లు, మంత్రదండం వరసగా చూపించింది. అట్టడుగున చిన్న అక్షరాల్లో ‘ఏదీ వద్దు’ అని ఉంది. బోదిల్ దాన్ని నొక్కింది. ఆట కాసేపు ఆలోచించి ఆవిడ చేతిలో ఒక గరిటె పెట్టింది. ఆ విధంగా మారెన్ పుట్టింది. ఎర్ర బుగ్గలు, పొడుగాటి జడ, నడుముకి చుట్టుకున్న వంటగుడ్డ. ఆ మారెన్ పరుగెత్తేది. గుట్టలెక్కి, వాగులు దూకి, ఏ పనీ లేకుండా గడ్డిలో అటునుంచి ఇటు పరుగెత్తేది. బోదిల్‌కి ఆట నచ్చింది దానికే. చలికాలమంతా ఆవిడ కుర్చీలో కూర్చుని, మారెన్ కాళ్ళతో లోకం తిరిగింది. ఆ పిల్ల అంటే ఆవిడకి ప్రాణం, ఇందులో దాపరికమేమీ లేదు.

వసంతం వచ్చేసరికి పిడుగు పడింది. ఆట నడిపేవాళ్ళు ఏటా ఒకసారి ఇల్లు దులుపుతారట. ఒక్క ప్రాణినైనా చంపనివాళ్ళు, పోనీ పౌరసుంకం కింద నూరు బంగారు కాసులైనా కట్టనివాళ్ళు, మే నెలలో ఫలానా గురువారం మధ్యాహ్నం మూడు గంటలకి రాజ్యంలోంచి మాయమైపోతారు. మళ్ళీ రారు. వీరులకి ఇది లెక్కే కాదు. పొద్దున ఒక తోడేలుని నరుకుతారు, తోలు అమ్ముతారు, సాయంత్రానికి జేబు నిండుతుంది. గరిటె పట్టుకున్నదాని గతేమిటి?

“ఒక్క పంది, బోదిల్. ఒక్కటంటే ఒక్కటి,” అన్నాడు టోర్కిల్.

ఆటలో టోర్కిల్ పేరు ఉక్కుగుండె. తలనుంచి కాలిదాకా ఇనుము, నెత్తిన జంతువు కొమ్ములు. ఆయన స్వయంగా అడవికెళ్ళి ఒక పందిపిల్లని చెవి పట్టుకుని ఈడ్చుకొచ్చి మారెన్ ముందు నిలబెట్టాడు. గరిటెతో ఒక్క దెబ్బ వేస్తే చాలు, సుంకం బాధ వదిలిపోతుందని నచ్చజెప్పాడు. గరిటె ఏ కోణంలో పట్టుకోవాలో కూడా చెప్పాడు. అక్కడే చెడింది. కోణం మాట ఎత్తకపోతే బోదిల్ కొట్టేదేమో ఎవరికి తెలుసు. ఆవిడ సంచీలోంచి ముల్లంగి తీసి పందికి పెట్టింది. అది తిని, ఆ పూటనుంచి మారెన్ వెనకాలే తిరగడం మొదలుపెట్టింది. బోదిల్ దానికి మోగెన్స్ అని పేరు కూడా పెట్టేసింది. ఉక్కుగుండె ఇనపటోపీ తీసి నెత్తి గోక్కున్నాడు.

ఆ గురువారం కాఫీ దగ్గర మాటా మాటా పెరిగింది. రక్తం చిందకుండా ఆ రాజ్యంలో నూరు కాసులు సంపాదించినవాడు పుట్టలేదని టోర్కిల్ అన్నాడు. బోదిల్ ఒంటికాలి మీద లేచింది, అంటే ఆ రోజుల్లో ఆవిడ లేవగలిగిందీ ఒంటికాలి మీదే. నేను సంపాదిస్తానంది. పందెం కాశారు. కాఫీ బృందం పెత్తనమంతా రిగ్మోర్‌ది. కేకు కోసేదీ, తగువులు తీర్చేదీ ఆవిడే. ఆవిడే షరతులు ఖాయం చేసింది. బోదిల్ ఓడిపోతే అందరి ముందూ లేచి నిలబడి ‘టోర్కిల్ చెప్పినట్టు విని ఉంటే బాగుపడేదాన్ని’ అనాలి. టోర్కిల్ ఓడిపోతే లేచి నిలబడి ‘బోదిల్‌కి నేర్పడానికి నా దగ్గర ఏమీ లేదు’ అనాలి. ఆ వాక్యం వినగానే టోర్కిల్ ముఖం పాలిపోయింది. వెంటనే ఇంకో షరతు కలిపించాడు. బోదిల్ దగ్గర మన ద్వీపంవాళ్ళెవరూ చిల్లిగవ్వ పెట్టి ఏమీ కొనకూడదు, జాలిపడి జేబులు నింపే వ్యవహారం కుదరదు. సరేనంది రిగ్మోర్.

ఇక బోదిల్ పాట్లు చూడాలి. మొదట మేజోళ్ళు అల్లి ఇస్తానని ఊరి గవిని దగ్గర కూర్చుంది. ఇనప బూట్లు వేసుకునేవాళ్ళకి మేజోళ్ళెందుకు, ఒక్కడూ రాలేదు. తర్వాత పుట్టగొడుగులు ఏరి అమ్మింది. కొన్నవాడు తిని చచ్చిపోయాడు, ఆట దాన్ని చంపిన లెక్కలో వెయ్యలేదు. ఆటలో చచ్చినవాళ్ళు కాసేపటికి లేస్తారు కదా, వాడు సమాధిలోంచి తిన్నగా వచ్చి తన డబ్బు తనకిమ్మని కూర్చున్నాడు. ఇచ్చేసింది పాపం. చచ్చినవాడితో ఏం పోట్లాడుతుంది?

ఆఖరికి తనకొచ్చిన విద్యకే వచ్చింది. పసుపు బఠానీల సూప్. ఫెర్రీలో అది తాగని ప్రయాణికుడు లేడు. అసలైతే అందులో పందిమాంసం పడాలి, కానీ పక్కనే మోగెన్స్ కూర్చుని చూస్తుంటే ఎలా వేస్తుంది? మానేసి ఉల్లిపాయలు ఎక్కువ వేసింది. పందిమాంసం లేనిది సూపే కాదని టోర్కిల్ తీర్పిచ్చాడు. తాగితే మాత్రం గాయాలు మానేవి, నీరసం పోయేది. బజారులో బాగానే అమ్ముడైంది. కానీ బజారు నియమాలు వేరు. కొట్టు పెట్టినవాళ్ళు దొంగల భయానికి కాపలావాణ్ణి పెట్టుకోవాలి. వాడికి గంటకి ఒక బంగారు కాసు, అంటే పది వెండి, జీతం. పైగా వాడు సూప్ తాగేవాడు, ఊరికే. సాయంత్రం లెక్క చూసుకుంటే మిగిలేది ఖాళీ గిన్నె. గరిటెవాళ్ళు ఆ రాజ్యంలో ఎందుకు బాగుపడరో బోదిల్‌కి అప్పుడు అర్థమైంది. వాళ్ళ సంపాదనంతా కత్తివాళ్ళ కడుపులోకే పోతోంది.

ఇదంతా జరుగుతుండగానే అసలు ద్వీపంలో రుబార్బు, అదే జామ్‌కి వాడే పుల్లకాడల మొక్క, కోతకొచ్చింది. బోదిల్ ఇంటి ముందు, రోడ్డు వార, పైకప్పున్న చిన్న అరమారొకటి ఉంది. దాంట్లో కట్టలు కట్టిన రుబార్బు కాడలు, జామ్ సీసాలు, కాలమొస్తే కొత్త బంగాళాదుంపలు పెడుతుంది. పక్కన పాత బిస్కట్ల డబ్బా. కావలసినవాళ్ళు తీసుకుని, డబ్బు అందులో వేసి పోతారు. అక్కడ మనిషుండడు. అందరి ఇళ్ళ ముందూ అంతే. రోజూ పొద్దున్నే టోర్కిల్ తన గేటు దాటి వచ్చి, రోడ్డంచున ఆగి, మెడ ఎడమకి తిప్పి, కుడికి తిప్పి, మళ్ళీ ఎడమకి తిప్పి, అప్పుడు దాటుతాడు. ఆ రోడ్డు మీద ఆ వేళప్పుడు కుందేలు కూడా రాదు. అయినా తిప్పుతాడు. ఒక కట్ట తీసుకుని ఇరవై క్రోనర్ల బిళ్ళ వేస్తాడు, వేసి చిల్లర లేదని గొణుక్కుంటాడు. మర్నాడు ఆయన చిల్లర కాగితం ముక్కలో చుట్టి డబ్బా పక్కన రాయి కింద పెట్టి ఉంటుంది. వాళ్ళిద్దరూ ఎంత కొట్టుకున్నా ఈ చిల్లర వ్యవహారం ఒక్కనాడూ తప్పలేదు.

ఒకరోజు రుబార్బు కోయాల్సి వచ్చి బోదిల్ ఆట మధ్యలో లేచింది. కాపలావాడి జీతం భరించలేక అప్పటికే బజారు వదిలేసి, డ్రాగన్ గుట్టకి వెళ్ళే నాలుగు రోడ్ల కూడలిలో సూప్ కొట్టు పెట్టుకుంది. లేచేముందు మారెన్ చేత ఒక చెక్క డబ్బా పెట్టించి, దాని మీద ‘గిన్నె మూడు వెండి. డబ్బాలో వెయ్యండి. కుండ మీద మూత పెట్టండి, ఈగలు’ అని రాయించి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఇదేదో పెద్ద ఎత్తు అనుకునేరు. ఏ ఎత్తూ లేదు. ఇంటిముందు చేసేదే అక్కడా చేసింది, అంతకుమించి ఆవిడకి తోచలేదు.

తిరిగొచ్చి చూస్తే సూప్ లేదు, కుండ లేదు, డబ్బా లేదు, గరిటె కూడా లేదు. రాసిన పలక ఒక్కటి మిగిలింది. గరిటె పోయినందుకే ఆవిడకి ఒళ్ళు మండింది. టోర్కిల్‌కి తెలిసి నవ్వి నవ్వి దగ్గొచ్చింది.

“లోకమంటే సామ్సో అనుకున్నావా తల్లీ? అక్కడ తిరిగేవాళ్ళలో సగం మంది వృత్తే దొంగతనం. తాళం వెయ్యి, కాపలా పెట్టు.”

ఆయన ఆ ముక్క అనకుండా ఉంటే ఆవిడ తాళం వేసేదే. అన్నాడు కాబట్టి వెయ్యలేదు. మళ్ళీ అదే చోట, అలాంటి డబ్బాయే పెట్టింది. కొత్త గరిటెకి మాత్రం ఈసారి తాడు కట్టింది. రెండో రోజూ దోచారు. మూడో రోజూ దోచారు, కాకపోతే అడుగున కొన్ని వెండి బిళ్ళలు మిగిలాయి. బోదిల్ లెక్క వేసుకుని కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఎంతమంది దొంగలు ఎంత గట్టిగా దోచినా, కాపలావాడి జీతం కన్నా తక్కువే పోతోంది. దొంగలు చవక. కాపలావాడే ఖరీదు.

ఆ తర్వాత ఇంకో చిత్రం జరిగింది. ఆ ఆటలో దొంగలకి విద్య పెరగాలంటే తాళాలు విప్పాలి. మూత తెరిచి ఉన్న డబ్బాలో చెయ్యి పెడితే రవ్వంత కూడా పెరగదు, పైగా తోటి దొంగలు వెక్కిరిస్తారు. వారం తిరిగేసరికి పేరున్న దొంగలెవరూ అటు రావడం మానేశారు. ఒకడైతే డబ్బాలో చీటీ వేసి వెళ్ళాడు, దయచేసి తాళం వెయ్యండి, మా పొట్ట కొట్టకండి అని. డ్రాగన్ చేతిలో కాలి కమిలి దిగొచ్చే వీరులు ఆగి, పలక చదివి, అటూ ఇటూ చూసి, మూడు వెండి వేసి తాగేవాళ్ళు. మొదటి రోజు గరిటె ఎత్తుకెళ్ళిన కోరల రాక్షసుడు ఎక్కడివాడో ఏమో గాని, దాన్ని వెనక్కి తెచ్చి పెట్టి, ఉప్పు కాస్త తగ్గిందని కూడా రాసి వెళ్ళాడు. బోదిల్ ఉప్పు పెంచింది. మోగెన్స్ కుండ పక్కనే పడుకుని నిద్రపోయేది. వచ్చినవాళ్ళు దాని వీపు నిమిరి వెళ్ళేవాళ్ళు.

కాసులు పెరుగుతున్నకొద్దీ టోర్కిల్ మాటలు తగ్గాయి. వసూళ్ళెలా ఉన్నాయని అడిగితే బోదిల్ ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేది. ఆయన మాత్రం రోడ్డవతల నిలబడి ఆవిడ ముఖం చదవడానికి ప్రయత్నించేవాడు. ఆవిడ ముఖం వెలిగిపోతోందని అనుకున్నాడు. నిజానికి లోపల ఆవిడకి గుండె దడ. ఆఖరి వారంలో డ్రాగన్ ఎటో ఎగిరిపోయింది, గుట్టకి వెళ్ళేవాళ్ళు తగ్గారు. మారెన్ పోతుందేమోనన్న భయానికి ఆవిడకి అన్నపానాలు సహించలేదు. ఇరుగుపొరుగుకి చెబితే నవ్వుతారు. ఆటబొమ్మ కదా అంటారు. ఆ బొమ్మే తనని చలికాలం దాటించిందని ఎవరికని చెబుతుంది?

గురువారం రానే వచ్చింది. ఊరి సమాజ మందిరంలో బల్లల మీద తెల్ల గుడ్డలు పరిచారు, ఫ్లాస్కుల్లో కాఫీ నిండింది, రిగ్మోర్ మూడంతస్తుల మీగడ కేకు పెట్టింది. బోదిల్ లాప్‌టాప్ తెచ్చి కేకు పక్కన తెరిచింది. డబ్బాలో పడిన సొమ్ము రోజూ మూడు గంటలకి గంట మోగినప్పుడే యజమానికి చేరుతుంది, ఈలోగా యజమాని కూడా అందులో చెయ్యి పెట్టలేదు. దొంగలు పెట్టగలరనుకోండి. ఆ నియమం రాసినవాడెవడో వాడి కడుపు చల్లగుండ. మారెన్ పక్క గ్రామంలో బఠానీలు కొంటోంది. కూడలిలో చెట్టు మీద ఒక కాకి ఉంటుంది, యజమాని దాని కళ్ళతో కొట్టుని చూసుకోవచ్చు. అందరూ ఆ కాకి కళ్ళతోనే చూస్తున్నారు.

మూడుకి ఇంకా పావుగంట ఉందనగా, కారు సరిగ్గా పెట్టానో లేదో చూసొస్తానని టోర్కిల్ లేచి బయటికి వెళ్ళాడు. చంకలో టాబ్లెట్టు కూడా పట్టుకెళ్ళాడు. ఆయన జన్మలో కారు వంకరగా పెట్టినవాడు కాదు, అప్పుడే అనుమానం రావలసింది. ఎవరికీ రాలేదు, కేకు అంత బాగుంది మరి.

బోదిల్ లెక్క చూసుకుని రిగ్మోర్ చెవిలో చెప్పింది. ఉన్నదీ, డబ్బాలోదీ కలిపితే నూరు కాసులకి మూడు వెండి తక్కువ. ఒక్క గిన్నె. రోడ్డు మీద పురుగు లేదు. బృందంలో ఒకతను జేబులోంచి ఫోను తీశాడు, తన వీరుణ్ణి పంపి ఒక గిన్నె కొనిపిద్దామని. షరతు షరతేనని రిగ్మోర్ ఫోను లాక్కుని కేకు పళ్ళెం కింద పెట్టేసింది. గడియారం నడుస్తోంది. ఆవిడ కేకు కొయ్యడం కూడా ఆపేసింది.

అప్పుడు కూడలి చివర ఒక ఆకారం కనిపించింది. నల్ల ముసుగు, నల్ల బట్టలు, నెత్తి మీద పేరు, చీకటివేలు. ఎవరూ ఎన్నడూ చూడని దొంగ. ఇంకో నాలుగు నిమిషాల్లో గంట. వీడు డబ్బా ఊడ్చుకుపోతే మూడు వెండి కాదు, ఆ రోజు సొమ్మంతా పోయినట్టే. దాంతోపాటు మారెన్ కూడా పోయినట్టే. బోదిల్ లాప్‌టాప్ అంచు పట్టుకుని ఒకటే చూపు.

దొంగ పొదల చాటున నక్కుతూ వచ్చాడు. రోడ్డు అంచుకి వచ్చి ఆగాడు. కొట్టు అవతల ఉంది. రోడ్డు మీద గాడిద బండి కూడా లేదు. దొంగ మెడ ఎడమకి తిప్పాడు. కుడికి తిప్పాడు. మళ్ళీ ఎడమకి తిప్పాడు. అప్పుడు దాటాడు.

బల్ల చుట్టూ చెంచాలు ఆగిపోయాయి. ఆ మెడ తిప్పుడు తెలియనివాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరు. అందరూ దాన్ని నేర్చుకున్నవాళ్ళే. రెండో ఎడమ మర్చిపోయినందుకు పరీక్ష తప్పినవాళ్ళు కూడా ఇద్దరున్నారు. రిగ్మోర్ మెల్లగా కిటికీ వైపు తిరిగింది. బయట పార్కింగులో టోర్కిల్ కారు గీతల మధ్య నిక్కచ్చిగా నిలబడి ఉంది, లోపల ఆయన టాబ్లెట్టు మీదకి వంగి కూర్చుని ఉన్నాడు.

తెర మీద చీకటివేలు కొట్టు ముందు నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. మోగెన్స్ కళ్ళు తెరిచి చూసి మళ్ళీ పడుకుంది. దొంగ గరిటె తీసి ఒక గిన్నెలో సూప్ పోసుకుని తాగాడు. కుండ మీద మూత పెట్టాడు. డబ్బా దగ్గరికి వంగాడు. చెయ్యి లోపలికి వెళ్ళింది. బోదిల్ కళ్ళు మూసుకుంది.

నాణెం పడిన చప్పుడు వినిపించింది. కళ్ళు తెరిచి చూస్తే డబ్బాలో ఒక బంగారు కాసు ఎక్కువుంది. తెర మీద దొంగ తన చెయ్యి తనే చూసుకుంటూ నిలబడి, ఒక్కసారిగా వెనక్కి తిరిగి పరుగు తీశాడు. రోడ్డంచున మాత్రం ఆగి, మెడ ఎడమకి, కుడికి, ఎడమకి తిప్పి, అప్పుడు పరుగెత్తాడు. గంట మోగింది. మారెన్ నెత్తి మీద ‘పౌరురాలు’ అన్న మాట వెలిగింది. బోదిల్‌కి కళ్ళు చెమర్చాయి. వంటగుడ్డ కట్టుకున్న ఆ పిల్ల బఠానీల సంచీతో పరుగెత్తుకుంటూ వస్తోంది, ఏమీ జరగనట్టే.

టోర్కిల్ లోపలికొచ్చేసరికి అందరూ కేకు తింటున్నారు, మరీ బుద్ధిగా తింటున్నారు. ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి. కుర్చీలో కూర్చుని లాప్‌టాప్ వైపు ఓరగా చూశాడు. ‘పౌరురాలు’ కనిపించింది. ఆయన నోరు తెరిచాడు. ద్వీపంవాళ్ళు కొనకూడదన్న షరతు ఆయన నాలుక చివరిదాకా వచ్చిందని అందరికీ తెలుస్తూనే ఉంది. ఆ మాట అనాలంటే కొన్నది ఎవరో చెప్పాలి. ఎవరో చెబితే ఎందుకెళ్ళాడో చెప్పాలి. నోరు మూసుకుని కాఫీ పోసుకున్నాడు.

బోదిల్ ఆయనకి కేకు ముక్క పెట్టింది. పెద్దదే పెట్టింది. పెట్టి, తుఫాను గురించి మాట్లాడుతున్నంత మామూలుగా అడిగింది.

“గిన్నె మూడు వెండే కదా, బంగారం ఎందుకేశావు?”

“చిల్లర లేదు,” అన్నాడు టోర్కిల్.

అనేశాక తెలిసింది ఆయనకి. చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. గది గదంతా పగలబడి నవ్వింది. రిగ్మోర్ కళ్ళు తుడుచుకుంటూ బల్ల మీద చెంచాతో కొట్టింది. సమాజం శాంతించాక టోర్కిల్ లేచి, ద్వీపం మనిషి కొన్నాడు కాబట్టి నియమం ప్రకారం పందెం చెల్లదని వాదించబోయాడు.

“అలాగే రాసుకుందాం నాయనా. టోర్కిల్ దొంగతనానికెళ్ళి సూప్ కొనుక్కొచ్చాడు, అందుకని పందెం చెల్లదు. వచ్చే నెల ఊరి పత్రికలో వేయిస్తా. పేరు పెద్దక్షరాల్లో వెయ్యమంటావా?” అంది రిగ్మోర్.

టోర్కిల్ కేకు పళ్ళెం పక్కకి జరిపాడు. తర్వాత నిజం చెప్పాడు, ఎవరూ అడక్కుండానే. ఊడ్చేద్దామనే వెళ్ళానన్నాడు. దానికోసం చీకటివేలుకి వారం రోజులు తాళాలు విప్పడం నేర్పానన్నాడు. ‘తీసుకో’ అని ఒక గుర్తూ ‘వెయ్యి’ అని ఒక గుర్తూ ఉన్నాయట. తీసుకుందామనే వేలు పెట్టాడట. ఎదురుగా మనిషి లేడు, డబ్బా ఉంది, మూత ఉంది, పైన ధర రాసి ఉంది. “ఇన్నేళ్ళ అలవాటు. చెయ్యి నా మాట వింటేనా?” అన్నాడు, ఎవరిమీదో ఫిర్యాదు చేస్తున్నట్టు.

ఆ తర్వాత కోటు గుండీలు పెట్టుకుని, నిటారుగా నిలబడి, పందెం మాట అన్నాడు. “బోదిల్‌కి నేర్పడానికి నా దగ్గర ఏమీ లేదు.” అందరూ చప్పట్లు కొట్టారు. కూర్చోబోతూ ఆగి, ఆ పలక మాత్రం రోడ్డుకి కుడివైపున పెడితే వచ్చేవాళ్ళకి ముందే కనబడుతుందని చెప్పాడు. రిగ్మోర్ ఆయన నోట్లో కేకు పెట్టి కూర్చోబెట్టింది.

ఇంటికెళ్ళగానే బోదిల్ ఇంకో పని చేసింది. మారెన్ చేత ఏడు వెండి బిళ్ళలు ఆకులో చుట్టించి, డబ్బా పక్కన రాయి కింద పెట్టించి, పలక కింద ‘చీకటివేలు గారి చిల్లర’ అని రాయించింది. పలకని కుడివైపుకి మార్చింది కూడా, టోర్కిల్‌కి చెప్పలేదు. డ్రాగన్ తిరిగొచ్చింది, గుట్టకి మళ్ళీ జనం పెరిగారు. వీరులు వచ్చారు, రాక్షసులు వచ్చారు, పేరున్న దొంగలూ వచ్చారు. ఒకడు రాయి ఎత్తి, ఆకు విప్పి, బిళ్ళలు లెక్కపెట్టి, మళ్ళీ చుట్టి అక్కడే పెట్టేశాడు. ఆ ఏడు వెండి అలాగే ఉండిపోయాయి.

ఆ ఆదివారం చీకటివేలు వచ్చాడు. ఎడమకి, కుడికి, ఎడమకి చూసి రోడ్డు దాటాడు. రాయి కింద తన చిల్లర తీసుకుని, అందులోంచి మూడు వెండి డబ్బాలో వేసి, ఇంకో గిన్నె సూప్ తాగాడు. మోగెన్స్ వీపు నిమిరి, కుండ మీద మూత పెట్టి వెళ్ళాడు.